గేమ్ ఆడుతూ స్ట్రీమ్ చేసే పీసీకి ప్రాసెసర్ ఎంచుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

“స్ట్రీమింగ్ కూడా చేస్తాను, 16 కోర్లు తీసుకోమంటారా?” ఎక్కువమంది అడిగేది ఇదే. కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేయగల భాగం. అన్ని కోర్లు చాలామందికి అక్కర్లేదు. స్ట్రీమ్ వీడియోని ఎన్‌కోడ్ చేసే (ఇంటర్నెట్‌లో పంపేలా కుదించే) పని గ్రాఫిక్స్ కార్డు చేస్తుందా, ప్రాసెసర్ చేస్తుందా అన్నది ముందు తేలాలి. అది తేలకుండా కోర్లు లెక్కపెట్టుకుంటూ పోతే డబ్బు ఒకచోట, అవసరం ఇంకోచోట ఉంటాయి. కింది అడుగులు ఆ వరుసలోనే ఉన్నాయి, మధ్యలోంచి మొదలుపెట్టకండి.

## 1. ముందు రాసి పెట్టుకోవాల్సినవి

మోడల్ పేర్లు వెతకడానికి ముందే వీటికి జవాబులు రాసుకోండి:

- ఎక్కువగా ఆడే మూడు నాలుగు గేములు ఏవి?
- మానిటర్ రెజల్యూషన్ ఎంత, రిఫ్రెష్ రేటు ఎంత?
- గ్రాఫిక్స్ కార్డు ఏది? (ఉన్నదైనా, కొనబోయేదైనా)
- స్ట్రీమ్ ఎక్కడికి, ఎంత రెజల్యూషన్‌లో?
- స్ట్రీమ్ సమయంలో ఇంకా ఏమేం తెరిచి ఉంటాయి? డిస్కార్డ్, బ్రౌజర్ ట్యాబులు, వెబ్‌క్యామ్ ఫిల్టర్లు, అలర్ట్ ఓవర్‌లేలు అన్నీ రాయండి.
- వీడియో ఎడిటింగ్ కూడా ఇదే పీసీ మీదా?
- పాత పీసీ నుంచి మదర్‌బోర్డు, ర్యామ్ వాడుకోవాలా?

మానిటర్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. 60 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేముకి ప్రాసెసర్ చేతిలో 16.7 మిల్లీసెకన్లు ఉంటాయి. 144 దగ్గర అది 6.9కి, 240 దగ్గర 4.2కి పడిపోతుంది. గేమ్ లెక్కలన్నీ ఆ వ్యవధిలో ముగియాలి, మధ్యలో ఓబీఎస్ (స్ట్రీమ్ పంపే సాఫ్ట్‌వేర్) కూడా తన వాటా అడుగుతుంది. 4కె, 60 హెర్ట్జ్ మానిటర్ వాడేవారికి ఖరీదైన ప్రాసెసర్ దండగ. 1080పి, 240 హెర్ట్జ్ వాడేవారికి మాత్రం అసలు ఖర్చు పెట్టాల్సింది అక్కడే.

## 2. ఎన్‌కోడింగ్ ఎవరు చేయాలో తేల్చండి

మొత్తం నిర్ణయంలో సగం ఇక్కడే అయిపోతుంది.

### దారి 1: గ్రాఫిక్స్ కార్డు

ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ గానీ అంతకంటే కొత్తది గానీ ఉంటే ఇదే దారి, ఇంకో ఆలోచన వద్దు. ఎన్‌వెంక్ అనే ఎన్‌కోడర్ ఆ చిప్‌లోనే విడిగా ఉంటుంది. గేమ్‌ని గీసే కోర్లతో దానికి పోటీ లేదు కాబట్టి ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేముల సంఖ్య) మీద పడే భారం కొంచెమే. ట్విచ్‌లో 1080పి60కి (1080పి, సెకనుకి 60 ఫ్రేములు) వాడే 6000 కేబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) దగ్గర దాని నాణ్యత, ప్రాసెసర్ మీద నడిచే ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ ‘ఫాస్ట్’, ‘మీడియం’ ప్రీసెట్లు (వేగం, నాణ్యతల మెట్లు) ఇచ్చేదానికి దరిదాపుల్లోనే ఉంటుంది.

ఏఎండీ కార్డుల్లో హెచ్.264 (ఎక్కువగా వాడే వీడియో ఫార్మాట్) నాణ్యత చాలాకాలం వెనకబడే ఉంది. ఆర్‌ఎక్స్ 7000 సిరీస్ నుంచి ఏవీ1 అనే కొత్త ఫార్మాట్‌లో ఎన్‌కోడింగ్ వచ్చింది. యూట్యూబ్‌లాగా ఏవీ1 తీసుకునే చోటికి స్ట్రీమ్ చేస్తే ఆ లోటు చాలావరకు తీరిపోతుంది. ఎన్‌విడియాలో ఏవీ1 ఎన్‌కోడింగ్ ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌తో మొదలైంది. 30 సిరీస్ ఏవీ1ని చూపించగలదు, తయారుచేయలేదు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ, జీటీ 1030 కార్డుల్లో వీడియో ఎన్‌కోడరే లేదు. వాటితో బిల్డ్ చేస్తే ఆ బరువంతా ప్రాసెసర్ మీదకే వస్తుంది.

### దారి 2: ఇంటెల్ క్విక్ సింక్

ఇంటెల్ ప్రాసెసర్‌లోని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌కి సొంత ఎన్‌కోడర్ ఉంది. గ్రాఫిక్స్ కార్డు పాతదైనప్పుడు ఇది బాగా ఆదుకుంటుంది. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న మోడళ్లలో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ పనిచేయదు, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే కొన్ని బోర్డులు ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. ఓబీఎస్‌లో క్విక్ సింక్ కనిపించకపోతే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్) వెళ్లి దాన్ని ఆన్ చేయండి.

### దారి 3: ప్రాసెసర్ మీద ఎక్స్264

రెండు సందర్భాల్లోనే దీని జోలికి వెళ్లండి: కార్డులో ఎన్‌కోడర్ లేనప్పుడు, లేదా స్ట్రీమింగ్‌కి రెండో పీసీ విడిగా పెట్టుకున్నప్పుడు. ఒకే పీసీ మీద 1080పి60ని ‘వెరీఫాస్ట్’ ప్రీసెట్‌తో పంపుతూ గేమ్ ఆడాలంటే 8 కోర్లు, 16 థ్రెడ్లు (కోర్లు ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉండాలి. ‘మీడియం’ కావాలంటే 12 నుంచి 16 కోర్లు. ఆ డబ్బుతో ఆర్‌టీఎక్స్ కార్డుకి మారితే దాదాపు అదే నాణ్యత వస్తుంది, గేములోనూ లాభం కనిపిస్తుంది.

## 3. కోర్ల సంఖ్య

దారి 1 ఎంచుకున్నవారికి లెక్క సులువు.

6 కోర్లు, 12 థ్రెడ్లు: గేమ్, ఓబీఎస్, డిస్కార్డ్, నాలుగు ట్యాబులు. మొదటి బిల్డ్‌కి చాలు.

8 కోర్లు, 16 థ్రెడ్లు: ఎక్కువమంది ఆగాల్సిన చోటు. గేమ్ అప్పుడప్పుడు ప్రాసెసర్‌ని పిండేసినా ఓబీఎస్‌కి ఊపిరాడుతుంది.

12 కోర్లు, ఆపైన: ఎక్స్264 వాడేవారికి, రోజూ ఎడిటింగ్, రెండరింగ్ చేసేవారికి. గేమ్ వేగం మాత్రం వీటితో పెరగదు.

ఇంటెల్ కోర్లని ఒకే గాటన కట్టకండి. పెద్దవి పి-కోర్లు, చిన్నవి ఈ-కోర్లు. కోర్ ఐ5-14600కె ‘14 కోర్లు’ అంటే 6 పి, 8 ఈ. గేమ్ ప్రధానంగా ఆ ఆరింటి మీదే నడుస్తుంది, ఓబీఎస్, బ్రౌజర్ లాంటి వెనక పనులకి ఈ-కోర్లు బాగానే సరిపోతాయి. వీటి మధ్య పంపకం విండోస్ 11లో మెరుగు. కోర్ అల్ట్రా 200 సిరీస్‌లో హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్ రెండు థ్రెడ్లు నడపడం) తీసేశారు. 265కెలో 20 కోర్లు ఉంటే థ్రెడ్లూ 20 మాత్రమే, అది లోపం కాదు.

వెబ్‌క్యామ్ విషయం చెప్పాలి. గ్రీన్ స్క్రీన్ లేకుండా వెనక దృశ్యాన్ని చెరిపేసే ఏఐ ఫిల్టర్ ప్రాసెసర్ మీద నడిస్తే, ఎన్‌వెంక్‌తో మిగిల్చుకున్నదంతా తినేయగలదు. ఎన్‌విడియా బ్రాడ్‌కాస్ట్ లాంటివి ఆ పనిని కార్డు మీద చేస్తాయి. అవి వాడలేకపోతే 6 కోర్లతో సరిపెట్టుకోకుండా 8కి వెళ్లండి.

## 4. గేమ్‌కి కావాల్సింది: క్యాష్

కోర్ల సంఖ్య తేలాక గిగాహెర్ట్జ్‌లు పోల్చడం మొదలుపెడతారు. వేర్వేరు తరాల చిప్‌ల మధ్య ఆ పోలికకి అర్థం లేదు. చూడాల్సింది ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ), అసలు గేముల్లో తీసిన కొలతలు.

ఏఎండీ ఎక్స్‌3డి చిప్‌లలో క్యాష్‌ని పొరగా పేర్చి పెంచారు. మామూలు 8 కోర్ల రైజెన్ 7 7700లో 32 ఎంబీ ఎల్3 ఉంటే, 7800ఎక్స్‌3డి, 9800ఎక్స్‌3డిలలో 96 ఎంబీ ఉంది. గేమ్ డేటా ర్యామ్ దాకా వెళ్లే పని తగ్గుతుంది కాబట్టి సిమ్యులేషన్, స్ట్రాటజీ, పెద్ద ఆన్‌లైన్ గేములు, ఎక్కువ ఎఫ్‌పీఎస్‌తో ఆడే షూటర్లలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. స్ట్రీమర్లకి ఇంకా ముఖ్యమైంది ‘1% లో’ అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల వేగం. సగటు 200 ఉన్నా ఇది 60కి పడిపోతే మీకూ, చూసేవాళ్లకీ కుదుపు కనిపిస్తుంది.

7950ఎక్స్‌3డి, 9950ఎక్స్‌3డిలతో జాగ్రత్త. వీటిలో కోర్లు రెండు చిప్లెట్లుగా (విడి చిన్న చిప్‌లుగా) ఉంటాయి, అదనపు క్యాష్ ఒకదాని మీదే ఉంటుంది. గేమ్ సరైన చిప్లెట్ మీద పడాలంటే చిప్‌సెట్ డ్రైవర్, విండోస్ గేమ్ బార్, బయోస్ మూడూ తాజాగా ఉండాలి. గేమ్ బార్‌ని ‘పనికిరాని చెత్త’ అని తీసేసి, ఆనక ఎఫ్‌పీఎస్ తగ్గిందని తల పట్టుకునేవారు తక్కువేం కాదు. ఎడిటింగ్ లేకపోతే 8 కోర్ల ఎక్స్‌3డియే ఏ తలనొప్పీ లేని ఎంపిక.

### ఇప్పుడున్న పీసీతో ఓ పరీక్ష

1. ఎక్కువగా ఆడే గేమ్‌ని మామూలు సెట్టింగ్స్‌లో, ఎఫ్‌పీఎస్ పరిమితి, వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగానికి కట్టేసేది), డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెంచి చూపేవి) తీసేసి నడిపి ఎఫ్‌పీఎస్ రాసుకోండి.
2. రెజల్యూషన్ ఒక్కటే 720పికి దించండి. మిగతావేవీ ముట్టుకోవద్దు. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ ఇప్పుడూ ఆపే ఉంచండి.
3. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగిందా? మిమ్మల్ని ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు. ముందు దాన్ని మార్చండి.
4. పెద్దగా కదల్లేదా? అడ్డు ప్రాసెసర్ లేదా ర్యామ్.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 40 శాతమే చూపిస్తోందని నిశ్చింతగా ఉండకండి. గేమ్ ప్రధాన థ్రెడ్ ఒక కోర్‌ని నింపేసి, మిగతావి ఖాళీగా ఉన్నా సగటు తక్కువే కనిపిస్తుంది.

## 5. పేరు చివరి అక్షరాలు

ఒక్క అక్షరం తేడాతో చిప్ మారిపోతుంది. ఆర్డర్ పెట్టేముందు మోడల్ పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి.

- ఎఫ్: ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేదు. కార్డు పాడైన రోజు స్క్రీన్ మీద బొమ్మే రాదు.
- కె (ఇంటెల్): ఓవర్‌క్లాక్ చేయొచ్చు. డబ్బాలో కూలర్ రాదు.
- జీ (ఏఎండీ): ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ బలమైనది, ఎల్3 క్యాష్ తక్కువ. విడిగా కార్డు పెట్టేవారికి నప్పదు.

రైజెన్ 7 5700, 5700ఎక్స్ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, కానీ లోపలున్న చిప్ వేరు. ఎక్స్ లేనిదానిలో ఎల్3 సగమే, 16 ఎంబీ. పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) కూడా 4.0 కాకుండా 3.0. రైజెన్ 5 5500, 5600ల మధ్యా ఇదే తేడా. ఏఎం5 సాకెట్‌లో రైజెన్ 5 8400ఎఫ్ అంకె 7500ఎఫ్ కంటే పెద్దది, గేముల్లో మాత్రం వెనకబడుతుంది: ఎల్3 16 ఎంబీ, గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే పీసీఐఈ లేన్లు (డేటా వరుసలు) 8. పెద్ద అంకె అంటే మంచి చిప్ అనుకుంటే ఇక్కడే దెబ్బ తగులుతుంది.

## 6. సాకెట్, బోర్డు, ర్యామ్

ప్రాసెసర్‌ని ఒంటరిగా ఎంచుకోలేం. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు సాకెట్. చూడాల్సినవి నాలుగున్నాయి:

- ఏఎం4: డీడీఆర్4 (డీడీఆర్5 కంటే పాత తరం ర్యామ్). పాత బోర్డు ఉన్నవారికి 5600 నుంచి 5800ఎక్స్‌3డి దాకా మంచి అప్‌గ్రేడ్ దారి. కొత్త బిల్డ్‌కి వద్దు.
- ఏఎం5: డీడీఆర్5 మాత్రమే. 2027 దాకా, ఆపైనా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. కొత్తగా కట్టేవారికి మా ఓటు దీనికే.
- ఎల్‌జీఏ 1700: ఇంటెల్ 12, 13, 14 తరాలు. బోర్డుని బట్టి డీడీఆర్4 లేదా డీడీఆర్5, రెండూ ఒకే బోర్డు మీద సాధారణంగా ఉండవు.
- ఎల్‌జీఏ 1851: కోర్ అల్ట్రా 200, డీడీఆర్5 మాత్రమే.

ఇంటెల్ 13, 14 తరాల ఎక్కువ వాట్ల మోడళ్లకి వోల్టేజి సమస్య వచ్చి చిప్‌లు క్రమంగా దెబ్బతిన్నాయి. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (బయోస్ ద్వారా చిప్‌కి చేరే సవరణలు) విడుదల చేసింది, దెబ్బతినే అవకాశమున్న మోడళ్లకి వారంటీ రెండేళ్లు పొడిగించింది. వీటిలో ఏది కొన్నా, విండోస్ ఎక్కించకముందే బయోస్ అప్‌డేట్ చేయండి. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయదు కాబట్టి ఈ మోడళ్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనకపోవడమే మంచిది.

బయోస్ సంగతి ఏఎండీకీ వర్తిస్తుంది. చాలాకాలం గోడౌన్‌లో ఉన్న ఏఎం5 బీ650 బోర్డు రైజెన్ 9000 చిప్‌ని గుర్తుపట్టకపోవచ్చు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు చూసుకోండి.

ర్యామ్: 16 జీబీవి రెండు, మొత్తం 32. గేమ్, ఓబీఎస్, బ్రౌజర్ కలిస్తే 16 జీబీ ఇరుకు. ఏఎం5కి డీడీఆర్5-6000 వేగం, సీఎల్30 (ర్యామ్ స్పందనలో ఆలస్యం తెలిపే అంకె) సరైన చోటు. నాలుగు స్టిక్కులు పెడితే వేగం బాగా పడిపోతుంది, అసలు బూటే కాకపోవచ్చు. ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు అనే ఆలోచన డీడీఆర్5లో పెట్టుకోకండి.

క్యాప్చర్ కార్డు పెట్టే ఉద్దేశం ఉంటే బోర్డు మాన్యువల్‌లో లేన్ల పట్టిక చదవండి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 (ఎస్‌ఎస్‌డీ పెట్టే) స్లాట్ నింపగానే కింది పీసీఐఈ స్లాట్ ఆగిపోతుంది.

## 7. కూలర్

రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల చిప్‌కి డబ్బాలో వచ్చే కూలర్ సరిపోతుంది. చప్పుడు మైక్‌లో పడుతుందనుకుంటే 120 ఎంఎం టవర్ కూలర్ పెట్టండి. 7800ఎక్స్‌3డి, 9800ఎక్స్‌3డిలకి కూలర్ రాదు. మంచి టవర్ కూలర్ చాలు, లిక్విడ్ తప్పనిసరి కాదు. ఐ7-14700కె 253 వాట్ల దాకా లాగుతుంది, దానికి 360 ఎంఎం లిక్విడ్ కూలర్, గట్టి వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగం) ఉన్న బోర్డు లెక్కలో వేసుకోండి.

## 8. ఎవరికి ఏది

మొదటి బిల్డ్, 1080పి, ఆర్‌టీఎక్స్ కార్డు: రైజెన్ 5 7600 లేదా 7500ఎఫ్. చేతిలో డీడీఆర్4 ర్యామ్ ఉంటే కోర్ ఐ5-12400ఎఫ్.

1440పి, 144 హెర్ట్జ్ ఆపైన, వారానికి మూడు నాలుగు స్ట్రీములు: 7800ఎక్స్‌3డి, లేదా 9800ఎక్స్‌3డి. బడ్జెట్ సరిపోకపోతే రైజెన్ 7 7700కి దిగండి, గ్రాఫిక్స్ కార్డుని మాత్రం తగ్గించకండి.

స్ట్రీమ్‌తో పాటు రోజూ ఎడిటింగ్: కోర్ అల్ట్రా 7 265కె, లేదా రైజెన్ 9 9950ఎక్స్‌3డి. మొదటిదానికి క్విక్ సింక్ అదనపు లాభం.

4కె, 60 హెర్ట్జ్: 6 కోర్లతో ఆపి, మిగిలిందంతా కార్డు మీద పెట్టండి.

## 9. బిగించాక ఈ వరుసలో చేయండి

1. బయోస్ అప్‌డేట్. ఆ తర్వాత ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్. అది మర్చిపోతే 6000 ర్యామ్ 4800 వేగంతోనే నడుస్తుంటుంది.
2. చిప్‌సెట్ డ్రైవర్, గ్రాఫిక్స్ డ్రైవర్.
3. మెమ్‌టెస్ట్86 ఓ రాత్రంతా. ర్యామ్ తప్పుల్ని ప్రాసెసర్ తప్పులుగా పొరబడేవారు చాలామంది.
4. సినీబెంచ్ మల్టీకోర్ పది నిమిషాలు, పక్కన హెచ్‌డబ్ల్యుఇన్‌ఫోలో వేడి, క్లాక్ చూడండి. 7800ఎక్స్‌3డి పరిమితి 89 డిగ్రీలు. సెకన్లలోనే అక్కడికి చేరితే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. నవ్వులాట కాదు, తరచూ జరిగేదే.
5. ఓబీఎస్‌లో: ఎన్‌వెంక్ హెచ్.264, సీబీఆర్ (మారని బిట్‌రేట్), ట్విచ్‌కి 1080పి60 అయితే 6000 కేబీపీఎస్, కీఫ్రేమ్ (పూర్తి చిత్రం పంపే ఫ్రేమ్) వ్యవధి 2 సెకన్లు, ప్రీసెట్ పి5.
6. ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. విండోస్ అప్పుడు గ్రాఫిక్స్ కార్డు మీద దానికి ప్రాధాన్యం ఇస్తుంది.

## 10. స్ట్రీమ్ ఆగి ఆగి వస్తుంటే

ప్రాసెసర్‌ని తిట్టుకునే ముందు ఓబీఎస్ డాక్స్ మెనూలో స్టాట్స్ తెరవండి. ఫ్రేములు పోవడానికి అక్కడ మూడు వరుసలున్నాయి, మూడింటి మందూ వేరు.

రెండరింగ్ లాగ్: గ్రాఫిక్స్ కార్డు నూటికి నూరు శాతం గేమ్‌కే పోతోంది, ఓబీఎస్ సీన్ కూర్చడానికి చోటు లేదు. ప్రాసెసర్ మార్చినా తగ్గదు. గేమ్‌లో ఎఫ్‌పీఎస్ పరిమితి పెట్టండి. 144 హెర్ట్జ్ మానిటర్‌కి 140 చాలు.

ఎన్‌కోడింగ్ లాగ్: ఎన్‌కోడర్ మోయలేకపోతోంది. ఎక్స్264 అయితే ప్రీసెట్‌ని ఒక మెట్టు వేగవంతం చేయండి, లేదా 720పి60, 4500 కేబీపీఎస్‌కి దిగండి. ఎన్‌వెంక్ అయితే పి5 నుంచి పి4, పి3కి రండి. ప్రాసెసర్ చిన్నదైందని అనుమానించాల్సింది ఎక్స్264 వాడుతూ ఈ అంకె పెరుగుతున్నప్పుడే.

డ్రాప్డ్ ఫ్రేమ్స్, నెట్‌వర్క్: ఇంటర్నెట్ సమస్య. 6000 కేబీపీఎస్ పంపాలంటే అప్‌లోడ్ నికరంగా 10 ఎంబీపీఎస్ ఉండాలి. వైఫై వదిలి కేబుల్ పెట్టండి.

మూడూ సున్నా ఉండి, గేమ్ మాత్రమే మీ స్క్రీన్ మీద కుదుపుతోందా? సీన్లలోని బ్రౌజర్ సోర్సులు, వెబ్‌క్యామ్ ఫిల్టర్లు ఒక్కొక్కటిగా ఆపి చూడండి. దేన్ని ఆపితే ‘1% లో’ లేచిందో అదే దొంగ. ఈ పరీక్షలన్నీ చిప్ వాపసు ఇచ్చే గడువు దాటకముందే ముగించండి. అప్పటిదాకా డబ్బా, బిల్లు, సీరియల్ నంబరు కనిపించే ఫోటో దాచి ఉంచండి.